బోర్లాపడ్డ పడవ: తిప్పడం ఒక ఎత్తు, తేలడం ఇంకో ఎత్తు

పెడన నుంచి ఏ దిక్కుకు బయల్దేరినా నీళ్లు అడ్డం రాకుండా ఎంతో దూరం పోలేం. కృత్తివెన్ను వైపు వెళ్తే ఉప్పుటేరు, దాని పక్కనే చినగొల్లపాలెం దీవి. గుడివాడ మీదుగా కైకలూరు చేరితే కొల్లేరు. ఇటు బందరు దిగితే గిలకలదిండి రేవు. ఇంకా కిందికి పోతే నాగాయలంక, ఆపైన కృష్ణ చీలి సముద్రంలో కలిసే చోట ఎదురుమొండి, ఈలచెట్లదిబ్బ. ఇంత నీటి మీద తిరిగే చిన్న పడవలకు భయం ఒక్కటే, నడినీళ్లలో బోర్లా పడటం. పడ్డాక దాన్ని అక్కడికక్కడే తిప్పి మళ్లీ ఎక్కడం ఎలా?

ఈ ప్రశ్నకు ప్రపంచంలో జవాబులు బోలెడున్నాయి. కయాక్ నేర్పే ప్రతి చోటా మొదటి పాఠం ఇదే. అయితే ఆ జవాబుల్లో ఎక్కువ భాగం పాతిక కిలోల పడవ కోసం, పక్కనే తోడు పడవ ఉన్న మనిషి కోసం తయారైనవి. వాటిని తెచ్చి మన తీరంలో ఆనించి చూస్తే కొన్ని నిలుస్తాయి, కొన్ని నిలవవు. ఎందుకు నిలవవో చూడటమే ఈ వ్యాసం పని.

ముందు తిరగబడటం సంగతి. పడవ ఒరిగినప్పుడు దాన్ని మళ్లీ నిలబెట్టే బలం ఎక్కడిదో ఫ్రెంచి శాస్త్రవేత్త పియర్ బూగే 1746లో లెక్క కట్టి చూపించాడు. ఒరిగిన వైపు పడవ ఎక్కువ నీటిని తోస్తుంది, ఆ నీరు దాన్ని పైకి నెడుతుంది. పడవ వెడల్పు ఎంత ఎక్కువైతే ఈ బలం అంత ఎక్కువ, బరువు ఎంత పైన ఉంటే అంత తక్కువ. అందుకే కూర్చుని వల లాగే మనిషికీ నిలబడి లాగే మనిషికీ మధ్య తేడా ప్రాణమంత ఉంటుంది. ఈ లెక్కలో జనం పట్టించుకోని రెండో సగం ఒకటుంది. వెడల్పాటి, అడుగు చదునుగా ఉన్న పడవ సరిగ్గా నిలబడ్డప్పుడు ఎంత స్థిరమో, బోర్లా పడ్డాకా అంతే స్థిరం. దాన్ని తిప్పాలంటే ఆ స్థిరత్వంతోనే పోరాడాలి. పైగా చెంబును బోర్లించి నీళ్లలో అదిమినట్టు, అంచులు నీటిని కరుచుకుని లోపలి గాలి ఇరుక్కుపోతుంది. ఒక అంచును పైకెత్తి ఆ బిగువును విడగొట్టకుండా ఎంత బలంగా లాగినా పడవ కదలదు.

మన దగ్గర పడవలు ఎక్కువగా తిరగబడేది నడిసముద్రంలో కాదు, ఏరు సముద్రంలో కలిసే మొగలో. పాటు సమయంలో ఏటి నీరు బయటికి పరిగెడుతుంది, గాలి తోసిన అల లోపలికి వస్తుంది. రెండూ ఎదురుపడ్డ చోట అల పొట్టిదై, నిటారుగా లేచి విరుగుతుంది. కింద ఇసుక మేట ఉంటే ఇంకా కష్టం. వెనక నుంచి వచ్చే అల పడవ వెనక కొసను ఎత్తి పక్కకు తిప్పేసిందంటే, తర్వాతి అలకు పడవ అడ్డంగా దొరుకుతుంది. అనుభవం ఉన్నవాళ్లు పోటు కోసం మొగ బయట గంటలు గంటలు ఆగేది ఇందుకే. చేపలు పాడవుతాయని తొందరపడే రోజునే ప్రమాదం జరుగుతుంది.

పాత పడవలు ఈ సమస్యకు ఒక చిత్రమైన పరిష్కారం చూపాయి. వాటికి లోపల అన్నదే లేదు. కోరమాండల్ తీరమంతా వాడిన తెప్ప నాలుగైదు తేలిక దుంగలను తాళ్లతో బిగించి కట్టినది. అల దాని మీదుగా పోతుంది, సందుల్లోంచి కారిపోతుంది. తోడాల్సిన నీరు ఉండదు. తిరగబడితే పైనున్నది కిందికి, కిందున్నది పైకి, అంతే. ఇద్దరు ఒక పక్కకు చేరి బరువు వేస్తే మళ్లీ యథాస్థితి. మద్రాసు మత్స్యశాఖలో పనిచేసిన జేమ్స్ హార్నెల్ 1920లో భారతీయ పడవల మీద ప్రచురించిన గ్రంథంలో ఈ దుంగల తెప్పలకూ, కొబ్బరి పీచుతో కుట్టిన మసులా పడవలకూ పెద్ద చోటే ఇచ్చాడు. మేకు లేకుండా కుట్టడం వల్ల మసులా పడవ అల దెబ్బకు విరగకుండా ఒంగుతుంది. కానీ దానికి లోపల ఉంది, కాబట్టి నీళ్లు తోడే మనిషి ఒకడు ఎప్పుడూ కావాల్సిందే. తెప్పకు ఆ మనిషి అక్కర్లేదు. అలాగని తెప్ప సుఖమైన వాహనమని ఎవరూ అనరు. వేట జరిగినంతసేపూ ఒళ్లు తడవాల్సిందే, సరుకు పట్టదు, దూరం పోలేదు. జనం దాన్ని వదిలేయడంలో తప్పేమీ లేదు. దానితోపాటు మునగకపోవడం అనే గుణాన్ని కూడా వదిలేశామే, అదీ నా అభ్యంతరం.

కొల్లేటి తాటి దోనెది ఇంకో దారి. తాటి మానును తొలిచి చేసిన దోనె ఒంటరిగా ఉంటే గుండ్రటి అడుగు వల్ల ఇట్టే దొర్లుతుంది. అందుకే రెండు దోనెలను పక్కపక్కన కట్టి వాడటం డెల్టాలో ఉంది. వెడల్పు రెట్టింపైతే పక్కకు ఒరగడం మహా కష్టం. కొల్లేటి దోనెను కాపాడేది ఆ వెడల్పొక్కటే కాదు, కొల్లేటి లోతు కూడా. వరద రోజులు పక్కన పెడితే చాలాచోట్ల గెడకు నేల తగులుతుంది, మనిషి నిలబడగలడు. కాళ్లు నేలకు ఆనినవాడికి పడవ తిప్పడం ఒక పనే కాదు. ఈ వ్యాసంలో ‘నడినీళ్లు’ అన్నప్పుడల్లా కాలు ఆనని నీళ్లు అనే అర్థం. ఆ ఒక్క తేడాతో నేర్పులన్నీ మారిపోతాయి.

కాలు ఆనని నీళ్లలో దోనె లాంటి తొలిచిన పడవను తిప్పడం నిజానికి సగం పనే. తిప్పాక అది అంచుల దాకా నీళ్లతో నిండి ఉంటుంది. 5 మీటర్ల పొడవు, 70 సెంటీమీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల లోతున్న పడవలో కొసలు సన్నబడటం తీసేసినా దాదాపు 600 లీటర్లు పడతాయి. అంటే ఆరు క్వింటాళ్లు. అయిదు లీటర్ల బకెట్‌తో తోడితే 120 బకెట్లు, అదీ ఒక్క అల కూడా తిరిగి లోపలికి రాకపోతే. ఎక్కి తోడదామంటే మనిషి బరువుకు అంచు నీళ్లలోకి దిగిపోతుంది. అందుకే తొలిచిన పడవలు వాడే చోట్ల ఎక్కకుండానే సగం నీళ్లు పారబోసే నేర్పు పుట్టింది. పడవ కొసను పట్టుకుని ఈదుతూ ముందుకు తోసి, వెంటనే వెనక్కి లాగుతారు. లోపలి నీరు ఊగి, కొస మీదుగా ఎగిరి బయట పడుతుంది. నాలుగైదు ఊపులకు అంచు వేలెడు పైకి లేస్తే, అప్పుడు చేత్తో తోడతారు. చాలినంత ఖాళీ వచ్చాక ఒకడు ఒక పక్క నుంచి ఎక్కుతుంటే ఇంకొకడు అవతలి అంచు పట్టుకుని బరువు సరిచూస్తాడు. ఒంటరివాడికి ఈ ఆఖరి మెట్టు చాలా కష్టం.

తేలిక కెనోలకు ఇంకో మార్గం ఉంది. ఇద్దరు ఈతగాళ్లు బోర్లాపడ్డ కెనో కిందికి దూరి, అక్కడ ఇరుక్కున్న గాలినే పీలుస్తూ, ఒక అంచు విడగొట్టి, కాళ్లతో గట్టిగా తన్ని లేచి, పడవను గాల్లోకి ఎత్తి పక్కకు విసురుతారు. సరిగ్గా కుదిరితే కెనో దాదాపు ఖాళీగా పడుతుంది. ముప్పై కిలోల ప్లాస్టిక్ కెనోకు ఇది అద్భుతం. తాటి దోనెకు కలలో మాట. రెండో పడవ దగ్గర్లో ఉంటే దేనికైనా మేలైన పద్ధతి వేరే ఉంది. తిరగబడ్డ దాని కొసను తోడు పడవ మీదికి అడ్డంగా లాగి, నీళ్లు కారనిచ్చి, అక్కడే తిప్పి మళ్లీ నీళ్లలోకి జార్చడం. పక్కపక్కన చేర్చి పట్టుకుంటే నీళ్లలో ఉన్నవాడు ఎక్కేస్తాడు. కెనోకైనా కయాక్‌కైనా ఇదే సూత్రం, సాధన ఉన్నవాళ్లకు రెండు మూడు నిమిషాల పని.

కయాక్ దగ్గరికి వస్తే కథ మంచు దేశాలకు పోతుంది. గ్రీన్లాండ్ ఇన్యూట్ వేటగాళ్లు నడుముకు బిగిసిన చర్మపు కయాక్‌లో కూర్చుని, తిరగబడితే బయటికి రాకుండానే తెడ్డుతో, నడుము విదిలింపుతో మళ్లీ పైకి లేచేవాళ్లు. ఆ నీళ్లలోకి దిగితే నిమిషాల్లో చేతులు పనిచేయవు కాబట్టి వాళ్లకు అది విద్య కాదు, అవసరం. ఆస్ట్రియాకు చెందిన హాన్స్ పావ్లాటా 1927లో పుస్తకాలు చదివి ఆ దొర్లుడు సాధించాడు. ఆయన పేరుతో ఒక పద్ధతి ఇప్పటికీ నేర్పుతున్నారు. ఇంగ్లండ్ యువకుడు జినో వాట్కిన్స్ 1930-31 ఆర్కిటిక్ యాత్రలో ఇన్యూట్ల దగ్గరే నేర్చుకున్నాడు. 1932 ఆగస్టు 20న గ్రీన్లాండ్‌లో ఒంటరిగా సీల్ వేటకు వెళ్లాడు. కయాక్ ఖాళీగా తేలుతూ దొరికింది, ఆయన దొరకలేదు. దొర్లుడు వచ్చినవాడికి తోడు అక్కర్లేదనుకునే కుర్రాళ్లకు చెప్పాల్సిన మొదటి పేరు ఇది.

నాగాయలంక రేవులో కయాకింగ్, కెనోయింగ్ నేర్చుకుని పోటీలకు వెళ్లే పిల్లలున్నారు. వాళ్లు వాడే పందెపు కయాక్ వేరే జాతి. ఒంటరి కయాక్ పొడవు 5.2 మీటర్లు, బరువు 12 కిలోలు, కూర్చున్నవాడి తుంటి పట్టేంత వెడల్పు. అది వేగం కోసం స్థిరత్వాన్ని పూర్తిగా అమ్ముకున్న పడవ. కొత్తవాళ్లు రోజుకు పదిసార్లు పడినా ఆశ్చర్యం లేదు. దాన్ని నడినీళ్లలో తిప్పి ఎక్కడం దాదాపు అసాధ్యం. ఒడ్డుకు ఈడ్చుకుపోవాలి, లేదా శిక్షకుడి మోటారు బోటు రావాలి. కాబట్టి కయాక్ వచ్చినంత మాత్రాన సముద్రం వచ్చినట్టు కాదు. బీచుల్లో అద్దెకిచ్చే, పైన కూర్చునే ప్లాస్టిక్ కయాక్ దీనికి పూర్తిగా విరుద్ధం. మూసేసిన డొల్ల శరీరం, నీరు కారడానికి అడుగున రంధ్రాలు. తిరగబడితే అవతలి అంచు అందుకుని మీదికి లాగితే చాలు, తిరుగుతుంది, తోడాల్సిన నీరు ఉండదు. గమనించండి, ఇది ప్లాస్టిక్‌లో పోసిన తెప్పే.

తిప్పడం వచ్చినా చాలదని చెప్పడానికి 1993 మార్చి 22న ఇంగ్లండ్‌లోని లైమ్ బే దగ్గర జరిగినదాన్ని మించిన ఉదాహరణ నాకు తెలియదు. ఎనిమిది మంది బడి పిల్లలు, ఒక ఉపాధ్యాయుడు, ఇద్దరు శిక్షకులు కయాక్‌లలో బయల్దేరారు. ఉపాధ్యాయుడి కయాక్ పదేపదే తిరగబడుతుంటే ఒక శిక్షకుడు దాన్ని తిప్పుతూ, నీళ్లు పారబోస్తూ అక్కడే ఉండిపోయాడు. మిగతావాళ్లు ఒకచోట చేరి పట్టుకుని ఉండగా ఒడ్డు నుంచి వీచే గాలి అందర్నీ సముద్రంలోకి తోసుకుపోయింది. కయాక్‌ల నోటికి నీళ్లు రాకుండా కప్పే తొడుగులు లేవు, ఒక్కొక్కటే నిండిపోయాయి. సహాయం ఆలస్యంగా వచ్చింది. నలుగురు పిల్లలు చనిపోయారు. దాని ఫలితంగా 1995లో అక్కడ సాహస క్రీడా కేంద్రాల మీద ప్రత్యేక చట్టమే వచ్చింది. తిప్పుతున్న ప్రతి నిమిషమూ గాలి తన పని తాను చేసుకుపోతుంది. మన తీరంలో వేకువన నేల నుంచి సముద్రం వైపు వీచే గాలి వేటకు పోయేవాడికి చుట్టం. తిరగబడ్డవాడికి మాత్రం పగ. కాబట్టి తిప్పే పని మొదలెట్టే ముందే ఒక బరువును, వలనైనా సరే, తాడుతో ముందు కొసకు కట్టి నీళ్లలోకి వదిలితే పడవ గాలికి ఎదురు తిరిగి నిలుస్తుంది, కొట్టుకుపోవడమూ తగ్గుతుంది.

ఇక ఫైబర్ బోటు. గిలకలదిండిలోనూ నాగాయలంకలోనూ ఇప్పుడు చిన్న వేటంటే ఎక్కువగా ఇదే. ఎనిమిది, తొమ్మిది మీటర్ల పొడవు, ఇంజను, ఆయిలు క్యాన్లు, ఐసు, వల. దాన్ని నీళ్లలోంచి చేతులతో ఎత్తి విసరడం జరిగే పని కాదు. చేయగలిగింది ఒకటే. అవతలి అంచు మధ్యలో తాడు కట్టి, అడుగు మీదుగా ఇవతలికి తెచ్చి, నలుగురూ బోర్లాపడ్డ అడుగు మీద ఒకే పక్క నిలబడి వెనక్కి వాలి లాగాలి. తోడు బోటు ఉంటే అదే తాడును అది మెల్లగా లాగొచ్చు. కొస నుంచి లాగితే పడవ ముక్కు నీళ్లలోకి దూసుకుపోతుందే గానీ తిరగదు. ముందుగా అందర్నీ లెక్కపెట్టుకోవాలి, కింద ఇరుక్కున్నవాడు ఉన్నాడేమో చూడాలి. కాళ్లకు చుట్టుకునే వలే ఇక్కడ అందరికన్నా పెద్ద శత్రువు. మొలలో కత్తి ఉన్నవాడు ఆ క్షణంలో అందరికన్నా గొప్పవాడు.

ఇంత చేసినా అసలు చిక్కు అలాగే ఉంది. కర్ర తేలుతుంది, ఫైబర్ తేలదు. గాజు పీచూ రెసినూ కలిసిన ఆ పదార్థం నీటికన్నా ఒకటిన్నర రెట్లు బరువు. 600 కిలోల ఫైబర్ శరీరం పూర్తిగా మునిగితే నీటిలో దాని బరువు 200 కిలోలు, పైన ఇంజను. దాన్ని పట్టి నిలపాలంటే మూసేసిన గాలి గానీ ఫోమ్ గానీ 250 నుంచి 300 లీటర్లు కావాలి. అది లేని బోటు తిరగబడ్డప్పుడు తేలేది అడుగున ఇరుక్కున్న గాలితోనే. తిప్పామంటే ఆ గాలి పోతుంది, పడవ మునుగుతుంది. అంటే అలాంటి బోటును తిప్పడమే పొరపాటు! బోర్లా ఉన్నంతసేపే అది ఆసరా. ఏ కయాక్ పాఠంలోనూ కనిపించని ఈ సంగతి తీరంలో అందరికీ తెలియాలి.

పడవను వదలకూడదనే సూత్రానికి సాక్ష్యాలు కావాల్సినన్ని. 1956లో జర్మన్ వైద్యుడు హానెస్ లిండెమాన్ మడత కయాక్‌లో 72 రోజుల్లో అట్లాంటిక్ దాటాడు. దారిలో రెండుసార్లు తిరగబడింది. ఒకసారి రాత్రంతా దాని వీపును పట్టుకుని ఉండి, తెల్లారాక తిప్పుకున్నాడు. 1978 మార్చి 16 రాత్రి హవాయిలో హోకులేయా అనే జంట పడవ తుపాను గాలుల్లో బోర్లా పడింది. తిప్పడం సాధ్యం కాని పెద్ద పడవ. మర్నాడు గొప్ప ఈతగాడు ఎడీ ఐకావ్ సహాయం తెస్తానని అలల పలక మీద బయల్దేరాడు, మళ్లీ కనిపించలేదు. పడవను పట్టుకుని ఉన్నవాళ్లంతా ఆ రోజే బతికి బయటపడ్డారు. నీటి మీద నుంచి చూస్తే ఒడ్డు ఎప్పుడూ ఉన్నదానికన్నా దగ్గరగానే అనిపిస్తుంది. వెతికేవాళ్లకు మాత్రం మనిషి తల కనిపించదు, పడవ కనిపిస్తుంది.

మనకున్న ఒక వరం బంగాళాఖాతం వెచ్చదనం. 2019 జులైలో పశ్చిమ బెంగాల్ మత్స్యకారుడొకరు పడవ మునిగాక రోజుల తరబడి నీళ్లలో తేలుతూ ఉంటే బంగ్లాదేశ్ ఓడ ఎంవీ జవాద్ కాపాడింది. చల్లటి సముద్రంలో ఇది ఊహకందదు. ఇక్కడ మనిషిని ముందు చంపేది చలి కాదు. అలసట, దాహం, ఎండ, అన్నిటికన్నా ముందు ఈత మీద అతినమ్మకం. తేలే సాధనం ఒకటి ఒంటికి ఉంటే కాలం మన పక్షాన ఉంటుంది.

జనం ఎక్కే పడవల విషయం వేరు, క్లుప్తంగా చెప్తాను. 2017 నవంబరు 12న, కార్తిక ఆదివారం, ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం దగ్గర కృష్ణలో పడవ తిరగబడి 20 మందికి పైగా పోయారు. అనుమతి లేని పడవ, లైఫ్ జాకెట్లు లేవు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర మునిగిన రాయల్ వశిష్ఠను కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం అక్టోబరు 22న గానీ పైకి తీయలేకపోయింది. అలాంటి పడవను తిప్పడమనే ప్రశ్నే లేదు. గోడలూ పైకప్పూ ఉన్న గదిలో జనం ఇరుక్కుపోతారు. ఎక్కే ముందు అడగాల్సిన ప్రశ్నలు తప్ప పడ్డాక చేసే విద్య ఏదీ లేదు. 1917 నాటి చట్టం తీసేసి 2021లో కొత్త ఇన్‌ల్యాండ్ వెసెల్స్ చట్టం తెచ్చారు. రేవులో దాన్ని అమలు చేసే మనిషి ఉంటేనే దానికి విలువ.

పడకముందే హెచ్చరించే సాధనం ఇప్పుడొకటి ఉంది. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ 2020లో చిన్న పడవల కోసం ప్రత్యేక సూచనలు మొదలుపెట్టింది. 7 మీటర్ల వెడల్పు లోపు పడవలు ఏ ప్రాంతంలో తిరగబడే అవకాశం ఉందో అల ఎత్తు, నిటారుదనం, గాలి పెరిగే తీరు చూసి చెప్తుంది. మంచి పని. అయినా మొగ లోపల ఇసుక మేట నిన్న ఉన్నచోట ఇవాళ ఉండదు, ఆ సంగతి ఉపగ్రహం కన్నా ఆ ఊరి పెద్ద మత్స్యకారుడికే బాగా తెలుసు. కోస్ట్ గార్డ్ నంబరు 1554. దాన్ని నొక్కాలంటే ఫోను తడవని సంచిలో, ఆ సంచి మెడలో ఉండాలి. బోటు అరలో పెట్టిన ఫోను బోటుతోపాటే బోర్లా పడుతుంది.

ఫైబర్ బోటును మునగనివ్వని విద్య మనకు కొత్తదీ కాదు. 1979లో మద్రాసు కేంద్రంగా మొదలైన బే ఆఫ్ బెంగాల్ ప్రోగ్రామ్ అనే మత్స్యకార పథకం ఆంధ్ర తీరానికే, నేరుగా ఇసుక ఒడ్డుకు ఎక్కే ఫైబర్ పడవల నమూనాలు తయారు చేయించింది. నీళ్లు నిండినా తేలేలా లోపల ఫోమ్ నింపడం వాటిలో భాగం. తర్వాత బోట్లు చవక ధరల పోటీలో పడ్డప్పుడు కంటికి కనిపించని ఆ ఫోమే ముందు తగ్గింది. కొందరు థర్మకోల్ కుక్కి సరిపెడతారు, దాన్ని పెట్రోలు తినేస్తుంది. మూతలు బిగించిన 20 లీటర్ల ఖాళీ క్యాన్లు పన్నెండో పదిహేనో బల్లల కింద, అంచుల పక్కన గట్టిగా కట్టినా పని జరుగుతుంది. అడుగున కడితే మాత్రం పడవ ఇంకా తేలిగ్గా తిరగబడుతుంది. కొత్త బోటు కొనేవాడు తయారీదారుని ఒక్క పరీక్ష అడగొచ్చు. ఇంజను పెట్టి, రేవులో నడుము లోతున నిలిపి, అంచుల దాకా నీళ్లు నింపి, ఇద్దరు అంచు మీద కూర్చోవాలి. తేలితే డబ్బు ఇవ్వాలి. దీనికి ఒక పూట చాలు, సబ్సిడీ ఇచ్చే శాఖ కావాలనుకుంటే రేపటి నుంచే దీన్ని షరతుగా పెట్టొచ్చు.